కాటుకూ చావుకూ నడుమ గడువు

కుక్క కరిచిన రోజుకూ, గ్లాసుడు నీళ్లు చూడగానే గొంతు బిగుసుకుపోయే రోజుకూ మధ్య మామూలుగా రెండు మూడు నెలలు గడుస్తాయి. ఒక్కోసారి వారమే పడుతుంది, ఒక్కోసారి ఏడాది. ఈలోగా గాయం మానిపోతుంది, పైచెక్కు ఊడిపోతుంది, పిల్లాడు ఎప్పటిలాగే బడికి పోతుంటాడు, ఇంట్లోవాళ్లు ఆ సంగతే మరిచిపోతారు. జ్వరం ఉండదు. రక్తం పరీక్ష చేయించినా ఏమీ తేలదు. లోపల మాత్రం ఒక వైరస్ నరం పట్టుకుని మెదడు వైపు నడుస్తూనే ఉంటుంది.

రేబిస్ అనగానే అందరం చావు గురించే మాట్లాడతాం. లక్షణాలు బయటపడ్డాక దాదాపు నూటికి నూరుమందీ పోతారన్నది నిజమే. కానీ అంతకంటే ముందు చెప్పుకోవలసింది ఆ గడువు గురించి. మనిషిని చంపే వైరస్‌లలో ఇంత వ్యవధి ఇచ్చేవి అరుదు. ఒంట్లోకి ప్రవేశించిన తర్వాత కూడా టీకా వేసి ఆపగలిగే జబ్బులు చాలా కొద్ది. వాటిలో ఇంత నమ్మకంగా ఆపగలిగేది ఇదొక్కటే అనవచ్చు. రేబిస్‌తో పోయిన దాదాపు ప్రతి మనిషినీ ఆ గడువులో ఏదో ఒక రోజు మనం కాపాడుకోగలిగేవాళ్లం. అందుకే ఈ చావులను విధి అని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌కు బలవుతున్నారు. వారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్లలోపు పిల్లలు. మన దేశంలో ఏటా 18 నుంచి 20 వేల మంది చనిపోతారన్న లెక్క చాలాకాలం ప్రచారంలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో పదిహేను రాష్ట్రాల్లో ఇంటింటి సర్వే చేయించింది. ఏటా సుమారు 90 లక్షల జంతుకాట్లు, 5,700 పైచిలుకు రేబిస్ మరణాలు ఉంటాయని ఆ సర్వే తేల్చింది. పాత అంచనాతో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయినా రోజుకు పదిహేనుమంది. కుక్క కరిచినవాళ్లలో ఐదుగురిలో ఒకరు అసలు టీకాయే వేయించుకోలేదనీ, మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మంది చివరి సూది దాకా వెళ్లలేదనీ కూడా ఆ సర్వేలోనే బయటపడింది.

నరం దారి

ఏ వైరస్‌కైనా సొంతంగా పిల్లల్ని పెట్టే శక్తి లేదు. బతికి ఉన్న కణంలోకి దూరి, దాని యంత్రాంగాన్నే తన పనికి వాడుకోవాలి. ఏ కణంలోకి దూరగలదన్నదాన్ని బట్టి జబ్బు ఉంటుంది. ఫ్లూ వైరస్ శ్వాసనాళం గోడల్ని పట్టుకుంటుంది, హెపటైటిస్-బి కాలేయాన్ని పట్టుకుంటుంది. తట్టు వైరస్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, అందుకే ఒళ్లంతా పొక్కుతుంది. ఇలాంటివాటిని చాలావరకు మన రోగనిరోధక వ్యవస్థ పసిగట్టి కలబడుతుంది. మనకొచ్చే జ్వరం, నొప్పులు చాలావరకు ఆ పోరాటం తాలూకువే.

రేబిస్ వైరస్ ఆ పోరాటానికి అవకాశమే ఇవ్వదు. ఆకారంలో తుపాకీ గుండులా ఉంటుంది. దాని దగ్గరున్నవి ఐదంటే ఐదే జన్యువులు. మనిషికి ఇరవై వేల దాకా ఉంటాయి. పిచ్చికుక్క లాలాజలంతో పాటు గాయంలోకి దిగి మొదట కండరంలో ఉంటుంది, అక్కడే కొంత పెరుగుతుంది. కండరాన్ని నరం తాకే చోటు ఒకటుంటుంది. కదలమన్న ఆజ్ఞ నరం నుంచి కండరానికి అందేది అక్కడే. ఆ ఆజ్ఞను అందుకోవడానికి ఏర్పడిన అణువులనే పట్టుకుని వైరస్ నరం కొసలోకి దూరుతుంది. నరకణం పొడవునా సరుకులు మోసే ప్రోటీన్లు ఉంటాయి, కొసల నుంచి కణం కేంద్రానికి అవి నిరంతరం సామాను చేరవేస్తుంటాయి. వైరస్ టికెట్ లేకుండా గూడ్సు బండెక్కినట్టు వాటినెక్కి కూర్చుంటుంది. రోజుకు ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల దాకా పోగలదు.

కాలి పిక్క మీద కరిస్తే వైరస్ వెన్నుపాము దాటి మెదడు చేరడానికి చాలా దూరం. ముఖం మీద, మెడ మీద, తల మీద కరిస్తే దూరం తక్కువ. నరాలు దట్టంగా ఉన్న చేతివేళ్ల మీద కాటు కూడా ప్రమాదమే. పిల్లల సంగతి ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. ఐదేళ్ల పిల్లాడి ముఖం కుక్క నోటి ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్లకు పిక్క మీద పడే కాటు వాడికి చెంప మీద పడుతుంది. పైగా తిడతారనో, సూది వేయిస్తారనో భయపడి పిల్లలు కాటును దాచేస్తారు. బయట ఆడుకుని వచ్చిన పిల్లల ఒంటి మీద గీతలు కనబడితే, ముందు కోపగించుకోకుండా అడగండి.

నరం లోపల ప్రయాణించినంతకాలం వైరస్ రక్తంలోకి రాదు. రక్తంలో కాపలా తిరిగే కణాలకు అది కనబడదు. జ్వరం లేకపోవడానికీ, పరీక్షల్లో తేలకపోవడానికీ కారణం ఇదే. మెదడు చేరాక అక్కడ పెరిగి, మళ్లీ నరాల వెంటే వెనక్కి బయలుదేరి లాలాజల గ్రంథుల్లోకి వస్తుంది. చనిపోయినవారి మెదడును పరీక్షించిన వైద్యులకు మొదటినుంచీ ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. ఇంత ఘోరమైన జబ్బులోనూ మెదడు పెద్దగా ధ్వంసమైనట్టు కనబడదు. ఇటలీ వైద్యుడు అడెల్చి నెగ్రి 1903లో నరకణాల్లో గుండ్రని మచ్చలు గుర్తించాడు. చాలా దశాబ్దాలు రేబిస్‌ను నిర్ధారించింది వాటితోనే. కణాలు చావవు, పని తప్పుతాయి.

నీళ్లంటే భయం అని మనం చెప్పుకునేది నిజానికి మనసులో పుట్టే భయం కాదు. రోగికి విపరీతమైన దాహం వేస్తుంది, తాగాలనే ఉంటుంది. గ్లాసు పెదవి దగ్గరకు రాగానే గొంతు కండరాలు, ఊపిరి పీల్చే కండరాలు ఒక్కసారిగా ఈడ్చుకుపోతాయి. తర్వాత నీళ్లను చూసినా, నీళ్ల చప్పుడు విన్నా అదే ఈడ్పు. ముఖానికి ఫ్యాను గాలి తగిలినా అంతే. మింగలేని లాలాజలం నోట్లోంచి కారుతుంది, దానినిండా వైరస్. కుక్కలోనైతే అదే సమయంలో కరిచే ఉద్రేకం కూడా పుడుతుంది. వైరస్ ఇంకో ప్రాణిలోకి పోవడానికి కావలసినవన్నీ ఆ జబ్బు లక్షణాల్లోనే ఉన్నాయి. రోగికి మాత్రం ఈడ్పుకూ ఈడ్పుకూ మధ్య తెలివి ఉంటుంది. అయినవాళ్లను గుర్తుపడతాడు, మాట్లాడతాడు. ఏం జరుగుతోందో తెలుస్తూనే ఉంటుంది. ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి చేర్చుకుంటూ వస్తున్న హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి లాంటి చోట్ల పనిచేసే డాక్టర్లు, నర్సులు మోసే బరువు మామూలుది కాదు. అయిదుగురిలో ఒకరికి ఈ లక్షణాలేవీ లేకుండా కాళ్లూ చేతులూ చచ్చుబడే రకం వస్తుంది. కుక్క కాటు సంగతి ఎవరూ చెప్పకపోతే అది రేబిస్ అని తట్టదు కూడా.

2004లో అమెరికాలో గబ్బిలం కరిచిన ఒక బాలికను మందులతో కోమాలో ఉంచి బతికించారు. టీకా లేకుండా రేబిస్ నుంచి బయటపడిన మొదటి మనిషిగా ఆమె ప్రపంచానికంతా తెలిసింది. ఆ పద్ధతిని తర్వాత ఎన్నోచోట్ల ప్రయత్నించారు, నమ్మదగ్గ ఫలితం రాలేదు. లక్షణాలు మొదలయ్యాక చేయగలిగింది నొప్పి, యాతన తగ్గించడమే. దారి మధ్యలోనే వైరస్‌ను ఆపాలి.

బొడ్డు చుట్టూ సూదులు

దారి మధ్యలో ఆపవచ్చునన్న ఆలోచన లూయీ పాశ్చర్‌ది. 1885 జులై 6న అల్సాస్ ప్రాంతం నుంచి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాణ్ని తల్లి ప్యారిస్ తీసుకొచ్చింది. రెండు రోజుల కిందట కుక్క పద్నాలుగు చోట్ల కరిచింది. పాశ్చర్ రసాయనశాస్త్రవేత్త. డాక్టరు కాదు కాబట్టి సూది తాను వేయకూడదు, గ్రాంషే అనే వైద్యుడు వేశాడు. జబ్బు చేసిన కుందేలు వెన్నుపామును ఎండబెడితే విషం రోజురోజుకూ తగ్గుతుందని పాశ్చర్ కనిపెట్టాడు. బాగా ఎండినదానితో మొదలుపెట్టి, రోజురోజుకూ తాజాదానికి వస్తూ పదమూడు సూదులు వేయించాడు. చివరిది ఆరోగ్యంగా ఉన్న జంతువును చంపగలిగేంత పదునైనది. అప్పటికి వైరస్ అనేదొకటుందన్న శాస్త్రమే పుట్టలేదు. కనబడని శత్రువు ఎంత నెమ్మదిగా నడుస్తుందో మాత్రం ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. పిల్లాడు బతికాడు.

పదిహేనేళ్లకు ఆ వైద్యం మన దేశానికి వచ్చింది. 1900లో హిమాలయాల దిగువన కసౌలీలో పాశ్చర్ సంస్థ మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంధ్ర జిల్లాల్లో ఎవరినైనా పిచ్చికుక్క కరిస్తే అంతదూరం పోవలసి వచ్చేది. రైలు దిగేలోపే గడువులో విలువైన రోజులు కరిగిపోయేవి. 1907లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణాదికి సొంత సంస్థ వచ్చింది. కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ 1911లో, గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను ఫినాల్‌తో చంపి కొత్త టీకా చేశాడు. చవకైనది, తయారీ తేలిక. దాదాపు శతాబ్దం పాటు దేశమంతా అదే వాడింది. రోజూ ఒకటి చొప్పున పది నుంచి పద్నాలుగు రోజులు పొట్ట మీద వేసేవారు.

మన ఇళ్లలో ఇప్పటికీ వినబడే "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అదే. అది లక్షల ప్రాణాలు నిలిపిన మాట నిజం. గొర్రె మెదడు తాలూకు పదార్థం పడక కొందరికి పక్షవాతం వచ్చిన మాటా నిజం. మన దేశం దాన్ని 2004 చివర్లో మానేసింది. ఇరవై ఏళ్లు దాటింది. కానీ ఆ భయం మాత్రం పోలేదు. సూదుల పేరు చెప్పి పిల్లల్ని బెదిరించిన పెద్దలూ, సినిమాల్లో దాన్ని హాస్యానికి వాడుకున్నవాళ్లూ కలిసి ఆ భయాన్ని ఇప్పటికీ బతికిస్తున్నారు. ఆస్పత్రికి పోవలసిన మనిషి పసరు మందు దగ్గరికి పోవడానికి అదీ ఒక కారణం.

ఇప్పటి టీకా ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారవుతుంది. జబ్బ మీద వేస్తారు. చర్మం పొరల్లో వేసే పద్ధతిని థాయిలాండ్ వైద్యులు రూపొందించారు, మన దేశం 2006లో అనుమతించింది. ఆ పద్ధతిలో రెండు భుజాల మీదా చిన్న చుక్కంత మందు, కరిచిన రోజున ఒకసారి, తర్వాత 3, 7, 28 రోజుల్లో. నాలుగు దఫాలకూ కలిపి ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ, చంటిపిల్లలకూ వేయవచ్చు. పథ్యం ఏమీ లేదు. ఈ టీకాను పెద్దఎత్తున తయారుచేసే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. కాటు పడితే నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు (ఐపీఎం) పొమ్మని చెప్పుకోవడం నగరంలో తరాలుగా ఉన్న అలవాటు. ఇంత దగ్గర ఇంత మందు ఉండి కూడా మనుషుల్ని పోగొట్టుకోవడమే బాధ.

సబ్బుతో మొదలు

ఈ వైరస్‌కు పైన కొవ్వుపొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. పొర కరిగితే వైరస్ పనైపోయినట్టే. కాటు పడగానే కుళాయి కిందో, బోరు కిందో గాయం పెట్టి, బట్టల సబ్బయినా సరే, రుద్దుతూ పావుగంట కడగాలి. నరంలోకి దూరకముందే వైరస్‌లో చాలాభాగం అక్కడికక్కడే పోతుంది. ఇంతకంటే చవకైన వైద్యం మరొకటి నాకు తెలియదు. కడగకుండా ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ. కడగడానికి బదులు పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు అద్దేవాళ్లు మరీ ఎక్కువ. గాయం మంటెక్కితే విషం దిగుతోందనుకుంటారు. కారం వైరస్‌ను ఏమీ చేయదు, కండను రేపి దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. వీలైనంతవరకు కుట్లు కూడా వేయకూడదు, కట్టు బిగించకూడదు.

పసరు పోసేవాళ్ల దగ్గరికి జనం ఎందుకు పోతారో కూడా చెప్పాలి. కరిచే కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు. రేబిస్ ఉన్న కుక్క కరిచినా ప్రతివారికీ జబ్బు రాదు. పసరు పోయించుకున్న పదిమందిలో చాలామందికి ఏమీ కాదు, అసలు వైరస్సే లోపలికి పోలేదు కాబట్టి. పేరు పసరుకు వస్తుంది. పోయిన ఒక్కడి గురించి ఊళ్లో మాట్లాడేటప్పటికి రెండు నెలలు దాటి ఉంటుంది, అప్పుడది కుక్కకాటు చావని ఎవరూ కలపరు.

గాయంలోంచి రక్తం వస్తే, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. సీరం అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మన వ్యవస్థలో అతి పెద్ద ఖాళీ ఇదే. టీకా పడ్డాక శరీరం సొంత ప్రతిరక్షకాలు తయారు చేసుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ముఖం మీద కాటుకు ఆ వ్యవధి చాలకపోవచ్చు. సీరంలో సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను గాయం లోపల, చుట్టూ గుచ్చి వైరస్‌ను అక్కడే బంధిస్తారు. 1954లో పశ్చిమ ఇరాన్‌లో పిచ్చెక్కిన తోడేలు ఒక ఊరిమీద పడి దాదాపు ముప్పైమందిని కరిచింది. తలమీద గాయాలైనవారిలో టీకా మాత్రమే అందిన ఐదుగురిలో ముగ్గురు పోయారు. సీరం కూడా అందిన పదిమందికి పైగా మనుషుల్లో పోయింది ఒక్కరే. అప్పటినుంచీ వైద్యులకు ఈ విషయంలో సందేహం లేదు.

డెబ్భై ఏళ్లయినా చాలా పీహెచ్‌సీల్లో టీకా ఉంటుంది, సీరం ఉండదు. జిల్లా ఆస్పత్రికో, బోధనాస్పత్రికో పొమ్మంటారు. కూలిపని మానుకుని బస్సెక్కలేని మనిషి పల్లెలోనే ఆగిపోతాడు. మనిషి రక్తం నుంచి తీసిన సీరం ఖరీదైనది. గుర్రం రక్తం నుంచి తీసినది చవక. అది పడదేమోనని వేయడానికి జంకే డాక్టర్లున్నారు. ఇప్పటి శుద్ధమైన సీరంతో ఆ ప్రమాదం బాగా తగ్గింది. 2017 నుంచి ప్రయోగశాలలో తయారైన ప్రతిరక్షకాలు (మోనోక్లోనల్ యాంటీబాడీలు) కూడా మన దేశంలోనే దొరుకుతున్నాయి. మొదటి టీకా వేసిన వారంలోపు సీరం వేయవచ్చు. ఆస్పత్రిలో "సీరం వేయాలా?" అని మీరే అడగండి. అడిగే హక్కు మీకుంది.

కుక్కపిల్ల కదా అని, ఇంటి పిల్లి కదా అని, గీరుడే కదా అని వదిలేయకండి. 2025లో ఉత్తరప్రదేశ్‌లో ఒక యువ కబడ్డీ ఆటగాడు మురుగుకాలువలో పడ్డ కుక్కపిల్లను బయటికి తీశాడు. అది కొరికితే చిన్న గాటే అనుకున్నాడు. కొన్ని నెలలకు రేబిస్‌తో పోయాడు. దయతో చేయి చాచిన మనిషి. ఆ రోజే సూదులు మొదలుపెట్టి ఉంటే ఇవాళ ఆడుతూ ఉండేవాడు. కరిచిన కుక్కనో పిల్లినో పది రోజులు కనిపెట్టి చూడమనడం మంచిదే, పదకొండో రోజుకీ ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదులు ఆపవచ్చునేమో డాక్టరు చెబుతారు. అయితే సూదులు మొదలుపెట్టాకే ఆ కనిపెట్టడం. లోగడ టీకా పూర్తిగా వేయించుకున్నవారిని మళ్లీ కుక్క కరిస్తే రెండు దఫాలు చాలు, సీరం అక్కర్లేదు.

కుక్కకు వేసే టీకా

మనుషుల్లో రేబిస్‌కు నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కుక్కలే కారణం. కుక్కల్లో వైరస్ ఆగితే మనుషుల్లో ఆగిపోతుంది. ఒక ప్రాంతంలో నూటికి డెబ్భై కుక్కలకు ఏటా టీకా వేస్తే వైరస్‌కు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దారి దొరకదు. మెక్సికో ఇలాగే దశాబ్దాలు పట్టుదలగా వేసి, కుక్కల వల్ల మనుషులకొచ్చే రేబిస్‌ను రూపుమాపిన మొదటి దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. అంతదూరం పోనక్కర్లేదు. గోవాలో 2013 నుంచి వలలు పట్టుకుని వీధివీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు, బడిపిల్లలకు పాఠాలు చెప్పారు, అనుమానం ఉన్న ప్రతి కుక్క గురించీ ఆరా తీశారు. 2018 నుంచి కొన్నేళ్లపాటు అక్కడ ఒక్క మనిషీ రేబిస్‌తో చనిపోలేదు.

కుక్కల మీద జనానికున్న కోపం నాకు అర్థమవుతుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబును చంపిన దృశ్యం చూసిన ఎవరికైనా ఆ కోపం వస్తుంది. కాట్లు తగ్గాలంటే కుక్కల సంఖ్య తగ్గాలి, అందుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఆగకుండా జరగాలి, వీధుల్లో చెత్త పోగుపడకూడదు. కానీ విషం పెట్టి చంపితే రేబిస్ పోదు. ఇండోనేసియాలోని ఫ్లోరెస్ దీవికి 1997లో రేబిస్ చేరింది. లక్షల కుక్కలను చంపారు. రేబిస్ పోలేదు. చంపినప్పుడు టీకా పడ్డ కుక్కలూ పోతాయి, ఖాళీ అయిన వీధిలోకి టీకా పడని కొత్తవి వచ్చి చేరతాయి.

2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌తో ఎవరూ చనిపోకూడదని కేంద్రం 2021లో జాతీయ కార్యాచరణ ప్రకటించింది. మిగిలిన సమయం తక్కువ. వీధికుక్క ఆయుష్షు తక్కువ, ఏటా కొత్త పిల్లలు పుడుతూనే ఉంటాయి. నిరుడు వేసిన టీకాలతో ఈ ఏడాది గడవదు. అందుకే మున్సిపల్ వార్డు ఆఫీసులో, పంచాయతీ ఆఫీసులో అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. మన పరిధిలో కుక్కలెన్ని? ఈ ఏడాది వాటిలో ఎన్నింటికి టీకా పడింది? మన పీహెచ్‌సీలో సీరం ఉందా, లేకపోతే ఉన్న చోటికి రాత్రిపూట మనిషిని చేర్చే బండి ఏది? వీటికి సమాధానం కాగితం మీద అంకెల్లో రావాలి. రాకపోతే, వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.